సంచి ఎక్కడున్నప్పుడు

ఫ్యాను రెక్క ఒకటి వంగినట్టుంది, తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది, ఆ చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఐలవ్వ ఊపిరి పీల్చుకుంటోంది. కరీంనగర్ సెషన్స్ కోర్టు. జడ్జి గారి ముందు ఎవరిదో గట్టు తగాదాలో తలలు పగిలిన కేసు నడుస్తోంది, అది కాగానే మనదేనని వకీలు సంధ్యారాణి చెప్పి వెళ్లింది. గోడ పక్కన ఐదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముద్దాయిలు కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, కూర్చోవచ్చనీ చెప్పలేదు, చెప్పనప్పుడు నిలబడటమే మేలని సమ్మవ్వ తేల్చింది, ఆమె పెద్దది కాబట్టి మాట చెల్లింది. సమ్మవ్వ, అక్కాచెల్లెళ్లు రాజవ్వ, కనకవ్వ, చంటిదాన్ని చంకనేసుకున్న సారిక, చివర్న ఐలవ్వ. పొద్దున్నే గోదావరిఖనిలో బస్సెక్కి, బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక ఇరుక్కుని, తెచ్చుకున్న సద్ది విప్పకుండానే ఇక్కడికి చేరారు. వీళ్ల మీద ఉన్న కేసు పేరు బందిపోటు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు కనకవ్వకు నవ్వొచ్చింది. బందిపోట్లంటే గుర్రాలుండాలి, మీసాలుండాలి, మనకున్నవి గోనెసంచులూ నెత్తిన చుట్టబట్టలూ కదా అంది. పదేళ్లు పడొచ్చు, యావజ్జీవమైనా పడొచ్చు అని తెలిశాక మళ్లీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఎదురుగా బల్ల మీద అంద్రెయ కూర్చున్నాడు. ఈ రోజు సాక్ష్యం చెప్పేది ఆయనే, కేసంతా ఆయన మాట మీదే నిలబడుతుంది. తెల్లచొక్కా వేసుకున్నాడు, ఆదివారం చర్చి గుడికి వేసుకునేది కావచ్చు, మడతలు ఇంకా విడలేదు. కుడికాలు ముందుకు చాపి, మోకాళ్ల మధ్య చేతికర్ర పెట్టుకున్నాడు. ఆ పాదం విరిగి, అతికి, కొంచెం పక్కకు తిరిగిపోయింది. చూడకూడదనుకుంటూనే ఐలవ్వ ఆ పాదాన్నే చూస్తోంది. ఆయన మాత్రం ఇటు తల తిప్పడం లేదు. బొగ్గు యార్డులో వాచ్‌మన్ ఆయన. అంతకు ముందు ఎన్నో ఏళ్లు బొగ్గుగని బాయి లోపల పనిచేశాడు, ఛాతీ చెడితే పైన తేలిక డ్యూటీ ఇచ్చారు. బొగ్గు ఏరుకునే ఆడవాళ్లకు ఆయన కొత్త కాదు. మిగతా వాచ్‌మన్లు బూతులు తిడుతూ వచ్చేవాళ్లు, ఈయన దగ్గుతూ వచ్చేవాడు. అల్లంత దూరం నుంచే దగ్గు వినిపించేది, విని వీళ్లు తప్పుకునేవాళ్లు, ఆయన వచ్చి చూసేసరికి కుప్ప పక్కన పిట్ట కూడా ఉండేది కాదు. కావాలనే దగ్గేవాడా, నిజంగానే వచ్చేదా, ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ రోజు మాత్రం దగ్గలేదు. దగ్గితే అయిపోయేది గద కాకా, ఎందుకు దగ్గలేదు అని ఐలవ్వ అంట్లు తోముతూ, నీళ్లు మోస్తూ, నిద్రపట్టక దొర్లుతూ ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు.

మొదటి వాయిదాకు వచ్చినప్పుడు సంధ్యారాణి వీళ్లను కోర్టు మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. డబ్బులేని వాళ్లకు సర్కారు పెట్టిన వకీలు ఆమె, చిన్న వయసు, నల్లకోటు కొంచెం వదులు. తన చేతిసంచి తీసి పక్కన పెట్టింది. "అక్కా, సూడున్రి. నాకు తెల్వకుండ దీన్ని తీస్కపోతే దొంగతనం. నన్ను కొట్టో బెదిరిచ్చో తీస్కపోతే దోపిడి. తీస్కున్నంక నేను పట్టుకోవస్తే, సంచి ఇడువకుండ నన్ను నూకి పోయినా దోపిడే. గా దోపిడి ఐదుగురు కూడి చేస్తే బందిపోటు. ఐదో మనిషి ఏం ముట్టకున్నా సరే, పక్కన నిలవడి సాయం చేస్తే ఆమె గూడ లెక్కల్నే." సంచి ఆడనే పారేసి ఉరికితే ఎట్ల అని రాజవ్వ అడిగింది. "అట్లయితే దొంగతనమే. తప్పించుకుందామని నూకితే దానికి వేరే కేసు, గది నూకినామె ఒక్కదాని మీదనే. సొమ్ము కోసం నూకినవా, తప్పించుకునుటానికి నూకినవా, కోర్టు సూసేది గది. అందుకే అడుగుతున్న ఐలవ్వక్కా, మంచిగ యాది చేస్కో. అంద్రెయ కింద పడ్డప్పుడు సంచి ఎక్కడున్నది? నీ నెత్తి మీదనా, భూమ్మీదనా?" ఆ పిల్ల అడిగిన రెండు చోట్లలో ఎక్కడా లేదు సంచి, ఆ రెండింటి నడుమ ఉంది. నడుమ ఉన్నదానికి ఏ పేరో ఆ పిల్ల చెప్పలేదు. సొమ్ము నెత్తిన ఉంటే ఐదుగురికీ బందిపోటు, నేల మీద ఉంటే ఐదుగురికీ దొంగతనం, నడుమ ఉంటే ఏమిటి?

టక్కుమంటోంది ఫ్యాను. సారిక చంకలో చంటిది ఐలవ్వ కొంగు పట్టుకుని నోట్లో పెట్టుకుంటోంది. తినకు బిడ్డా అని మెల్లగా లాక్కుంది, అది మళ్లీ పట్టుకుంది. బొగ్గు ఏరడం కష్టం కాదు, ఎత్తుకోవడం కష్టం. నిండిన గోనెసంచిని ఎంత గట్టి ఆడదైనా ఒక్కతే నెత్తికెత్తుకోలేదు, ఎదురుగా ఇంకో మనిషి పట్టాలి. ఒకరికొకరు ఎత్తుకుంటూ పోతే చివరికి ఒకతె మిగులుతుంది, ఆమెకు ఎత్తేవాళ్లుండరు. ఆ మిగిలేది ఎప్పుడూ ఐలవ్వే. సంచిని కట్ట మీదికి ఈడ్చి, కట్ట కింద కూర్చుని, తల ఆనించి, పళ్లు బిగబట్టి మోకాళ్ల మీద లేచేది. ఆ చలికాలం నడుము పట్టేసింది, వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. పక్కింటి సారికను పిలిచింది. నువ్వేం ఏరకు బిడ్డా, మాకు ఎత్తను వస్తె సాలు, నీకొక తట్టెడు నేనే ఇస్త అంది. అప్పటికే ఆ పిల్ల నెల తప్పిన సంగతి ఐలవ్వకు తెలియదు, తెలిస్తే పిలిచేది కాదు, ఒట్టు. సారిక ఒక్క బొగ్గుపెళ్ల ముట్టుకోలేదు. వరసగా అందరికీ ఎత్తింది, చేతులు దులుపుకుంది. ఆ దులుపుకున్న చేతులతోనే లెక్క ఐదయింది. నలుగురే ఉంటే దోపిడి దాకా వచ్చి ఆగేదట కేసు. వాళ్ల చర్చి పెద్దలు ఆమెను ఏమన్నారో, మొగుడు ఎన్ని అన్నాడో, సారిక ఒక్కనాడూ నువ్వు పిలువకపోతే అనలేదు. అంటే బాగుండేది. తిట్టిన నోరు మరిచిపోతాం గాని, తిట్టని నోరు రోజూ వినిపిస్తూనే ఉంటుంది.

సకల జనుల సమ్మె ముగిసి బాయిల మీద మళ్లీ సైరన్లు మోగిన చలికాలం అది. సమ్మెలో జీతాల్లేక కార్మికుల ఇళ్లే సగం పూట వండుకుంటే, ఆ ఇళ్లలో అంట్లు తోమి బతికేదాని పొయ్యి గురించి చెప్పేదేముంది. కేసు పడ్డాక తెలంగాణ కోసమని వకీళ్లు కొన్నాళ్లు కోర్టుకే రాలేదు, పిలిచేవాళ్లు లేక వీళ్లు మళ్లీ బస్సెక్కేవాళ్లు, ఒకసారి రోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే సమ్మవ్వ అక్కడే కూర్చుని తిని మరీ వచ్చింది. ఇప్పుడు రాష్ట్రం ఇస్తామని ఢిల్లీవాళ్లు అన్నారు, పొద్దున బస్సులో అందరి నోటా అదే మాట. రాష్ట్రం వస్తే మా కేసు ఎత్తేస్తరా అని కనకవ్వ కండక్టరును అడిగింది. ఉద్యమం కేసులు ఎత్తేస్తరేమో గని బొగ్గు కేసులు ఎత్తెయ్యరవ్వా అని ఆయన టికెట్టు చింపాడు. ఐలవ్వకు రాష్ట్రం వచ్చినా ఊరు రాదు. అత్తగారి ఊరు ఓపెన్‌కాస్టు కింద పోయింది, మక్కచేను ఉన్నచోట లారీలు చీమల్లా కనిపించేంత లోతున గుంత. ఆ గుంతలో తీసిన బొగ్గే యార్డులో కుప్ప పోస్తారు. అయినా అది మాదే, మా చేను కిందిదే అని ఆమె ఎన్నడూ వాదించలేదు. అడగకుండా తెచ్చుకున్నది దొంగతనమే, ఆ మాట జడ్జి ముందైనా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఆ రెండోది. ముసలి మనిషిని, దగ్గు మనిషిని, బొగ్గు కోసం నూకింది అన్నది.

లేని ఊరు యాదికొస్తే ముందు యాదికొచ్చేది అత్తా, అత్త తోటికోడలూ. గట్టు దగ్గర మొదలైన తగాదా, మాటలు బందయ్యాయి, ఒకరి ఇంట్లో పెళ్లికి ఒకరు పోలేదు, ఒకరి బావి నీళ్లు ఒకరు ముట్టలేదు. కానీ అత్త గడ్డిమోపుతో వాకిట్లోకి వచ్చి నిలబడితే ఎదురింటి అరుగు మీది నుంచి ఆ తోటికోడలు లేచి వచ్చేది. పలకరింపు లేదు, మొహం చూసుకోవడం లేదు. రెండు చేతులూ పైకెత్తి మోపు కింద నిలబడేది, అత్త మోకాళ్లు వంచేది, ఇద్దరూ కలిసి దించేవాళ్లు. వెంటనే వెళ్లి మళ్లీ అరుగు మీద కూర్చుని మొహం తిప్పుకునేది. కొత్తకోడలు ఐలవ్వ నోరు తెరుచుకుని చూస్తే అత్త నవ్వింది. "పగ మా ఇద్దరికి బిడ్డా, మోపుకేమున్నది" అంది. అట్లా చూస్తూ పెరిగిన కళ్లు అవి. బాటన పోయేవాడు దొరైనా, పోలీసైనా, ముక్కూమొహం తెలియనివాడైనా, నెత్తిన బరువున్న మనిషి జర దించుమంటే ఆగాల్సిందే. ఎక్కడిది, ఎవరిది, ఎందుకు తెస్తున్నావు అన్నవన్నీ దించిన తర్వాతి మాటలు. గోదావరిఖనిలో కూడా అంతే. క్వార్టర్లలో ఉండేవాళ్లు ఎవరి ఊరివాళ్లు వాళ్లు కాదా, చేతులు ఊరి నుంచే కదా తెచ్చుకున్నారు.

ఆ తెల్లవారుజామున మంచు పడుతోంది. ముందు సమ్మవ్వ, వెనక అక్కాచెల్లెళ్లు, వాళ్ల వెంట వట్టి చేతులతో సారిక, అందరూ కట్ట దిగి మలుపు తిరిగారు. ఐలవ్వ నడుము పట్టుకుని ఒక్కో అడుగు వేస్తోంది. వ్యాగను పక్క నుంచి టార్చిలైటు మొహం మీద పడింది. "ఆగు. ఎవలది?" దగ్గులేని గొంతు, అయినా అంద్రెయదే. పరుగెత్తాలని ఉంది, నెత్తిన సంచి, వెనక్కి తిరగాలని ఉంది, తిరిగితే నడుము కలుక్కుమంది, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి, సంచి ఒక పక్కకు ఒరుగుతోంది, అది మెడ మీద పడితే మెడే విరుగుతుంది. నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది. కాకా, జర దించు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆయన టార్చిని చంకలో పెట్టుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తాడు. ఎదురెదురుగా, మూరెడు దూరంలో, దొంగా కావలివాడూ. ఆయన అరచేతులు సంచి అడుగున ఆనాయి, ఆమె మోకాళ్లు వంచింది, మెడ మీద బరువు తేలికైంది, ఆ తేలిక ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు వచ్చింది దగ్గు. ముందు రావలసిన దగ్గు, రోజూ వచ్చే దగ్గు, రాకరాక అప్పుడు వచ్చింది. ఆయన ఒళ్లంతా ఊగింది, చేతులు సడలాయి, మంచుకు తడిసిన గోనె జారింది. ఎముక విరిగిన చప్పుడు చిన్నదే, పుల్ల విరిచినట్టు. ఆయన వెల్లకిలా పడ్డాడు, సంచి పాదం మీదే ఉంది. "బిడ్డా, సంచి తియ్యి." కేక కాదు, అడిగాడు. ఇందాక ఆమె అడిగినట్టే అడిగాడు.

ఆమె ఉరికింది. నడుము నొప్పి ఏమైందో, కళ్ల చీకట్లు ఏమయ్యాయో, ఉరికింది. మలుపు దగ్గర మిగతావాళ్లు వెనక్కి తిరిగి చూసేసరికి అంద్రెయ నేల మీదున్నాడు, ఐలవ్వ పరుగెడుతోంది. వాళ్లు చూసింది అదొక్కటే. అది చూసినవాళ్లు ఏమనుకుంటారు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. స్టేషన్‌లో నూకినవా లేదా అన్నారు. లేదు సారు, దించుమన్న అంటే పక్కనున్న కానిస్టేబులు కూడా నవ్వాడు, పట్టుకోను వచ్చినోడు నీకు కూలికొచ్చిండా అని. అంద్రెయ ఫిర్యాదులో ఐదుగురు ఆడవాళ్లు నన్ను నెట్టి, కాలు విరగ్గొట్టి, బొగ్గు తీసుకుపోయారని ఉందట. ఆయన వేలిముద్ర కాదు, సంతకమే ఉందట. చివరికి సంధ్యారాణి కూడా తల పట్టుకుంది. "అక్కా, దించుమంటే దించిండంటే ఏ జడ్జి నమ్ముతడు? భయపడి సంచి పడేసినవ్, తప్పించుకునుటానికి నూకినవ్, గిట్ల చెప్పు. దొంగతనం కాడికి ఆగుతది. ఐదుగురు బతుకుతరు." ఆ పిల్ల తప్పు లేదు, ఆమె నెత్తిన ఎన్నడూ మోపు మోసి ఉండదు. సమ్మవ్వ అయితే ఇంటికొచ్చి మరీ చెప్పింది, నూకినదానివి నూకిన అంటే ఏం పోతది, ఒక్క మాటతోని సారిక ఒడ్డున పడ్తది అని. నూకలేదు పెద్దవ్వా అంది ఐలవ్వ. మేం సూసినం గదనే అంది సమ్మవ్వ, కోపంగా కాదు, జాలిగా. ఆ జాలే ఐలవ్వను కుళ్లబొడిచింది. అందరూ ఒకటే మాట అంటుంటే మేక కూడా కుక్కవుతుంది. కొన్ని రాత్రులు ఆమె తన చేతులనే అడిగేది, మీరేమన్న నూకిన్రా అని. సంచి జారేటప్పుడు చేతులు ముందుకు చాచిందా, చాచితే ఆయనకు తగిలిందా, తగిలితే అది పట్టుకోవడానికా, నూకడానికా? చేతులేం చెబుతాయి. ఒక్కోసారి ఆ అరచేతుల కింద ఆయన చొక్కా తగిలినట్టే ఉండేది. అంతమంది చెప్పింది అబద్ధమై, తన ఒక్కదానికి గుర్తున్నది నిజమవుతుందా? నిజంగా నూకానేమో, నూకి, దించాడని కథ అల్లుకున్నానేమో.

కానీ ఉరికిన సంగతిలో అనుమానం లేదు. అది కాళ్లకు గుర్తుంది. ఈ లోకంలో చిత్రమేమంటే, సంధ్యారాణికి నచ్చింది ఆ ఉరకడమే. నువ్వు సంచి ఆడనే ఇడిసిపెట్టి ఉరికినవ్ చూడక్కా, మనల్ని బతికిచ్చేది గదే, బొగ్గు మీద ఆశ ఉంటే ఉరుకుతవా అని ఎంతో సంబరంగా చెప్పింది. ఐలవ్వకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె బతుకులో చేసిన పనులన్నిటిలోకీ సిగ్గుపడేది అదొక్కటే, చట్టానికి అక్కరకొచ్చేది కూడా అదొక్కటే. దొంగతనానికీ సెక్షనుంది, దోపిడికీ ఉంది, సంచి తియ్యి బిడ్డా అన్న మనిషిని అట్లాగే వదిలి వచ్చినదానికి లేదట. కేసు పడక ముందు, రెండో రోజో మూడో రోజో, నాలుగు బత్తాయిలు కొంగున కట్టుకుని దవాఖాన గేటు దాకా పోయింది. అంద్రెయ భార్య సువార్త చెట్టు కింద కూర్చుని టిఫిను గిన్నె కడుగుతోంది. ఆమె తలెత్తి, ఎవలు గావాలె అక్కా అని అడిగింది, మంచిగానే అడిగింది. ఐలవ్వ ఎవరూ వద్దని తల ఊపి తిరిగి వచ్చింది. ఆ బత్తాయిలు ఎవరూ తినలేదు, గూట్లోనే ఎండిపోయాయి.

ఫ్యాను టక్కుమనడం ఆగింది, కరెంటు పోయింది. చీకటేం కాలేదు, కిటికీ లోంచి పొద్దు పడుతోంది. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి, మనిషి లోపలే ఉన్నా సరే, బయటికి చూస్తూ అంద్రెయా, అంద్రెయా, అంద్రెయా అని పిలిచాడు. ఆయన కర్ర ఊని లేచాడు. బోనుకు ఒక మెట్టు ఉంది, ఎత్తైన మెట్టు, కష్టపడి ఎక్కాడు. దేవుని ఎదుట నిజమే చెబుతాను అన్నాడు, ఆ మాటలు మాత్రం గుడిలో చదివినట్టు స్పష్టంగా అన్నాడు. సారిక పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. పోలీసుల తరఫున వాదించే సర్కారు వకీలు లావుపాటి మనిషి, తొందరలేనివాడు. ఎంతమంది ఉన్నారని అడిగాడు. "ఐదుగురు అయ్యా." గుర్తుపడతావా? "పడుత." ఇటు చూడకుండానే అన్నాడు. నువ్వు వాళ్లలో ఒకామెను ఆపినప్పుడు బొగ్గు సంచి ఎక్కడుంది? "నెత్తి మీదున్నది." సర్కారు వకీలు జడ్జి గారి వైపు ఒకసారి చూసి, రాసుకోనిచ్చి, అప్పుడు నిన్ను నెట్టింది కదా అన్నాడు. సంధ్యారాణి లేచి, జవాబు ఆయనే అందిస్తున్నాడని అభ్యంతరం చెప్పింది. జడ్జి గారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, సాక్షినే అడిగారు. "ఎట్లా నెట్టిందో చూపించు. నువ్వు ఎట్లా ఉన్నావు, ఆమె ఎట్లా ఉంది?"

అంద్రెయ కర్రను బోను చెక్కకు ఆనించాడు. కర్ర పడిపోకుండా చూసుకున్నాడు. తర్వాత రెండు చేతులూ లేపాడు. నెట్టించుకున్న మనిషి చేతులు ఛాతీ ముందుకు రావాలి, లేదా పక్కకు విరగబడాలి. ఆయన చేతులు పైకి లేచాయి, తలకంటే కొంచెం ఎత్తుగా, అరచేతులు ఆకాశం వైపు, మోచేతులు ఒకింత వంచి, ఎదురుగా ఉన్న మనిషి ఎత్తును కొలుచుకుని. అక్కడే ఆగాయి. కిందికి దించలేదు. ఇంకేం చూపించాలో తెలియని మనిషిలా అట్లాగే నిలబడ్డాడు. గుమ్మం దగ్గర బంట్రోతు చూశాడు. కాగితాలు కుడుతున్న గుమస్తా సూది ఆపాడు. గట్టు తగాదా వాళ్లు ఇంకా వెనక బల్ల మీదే ఉన్నారు, రుమాలు చుట్టిన ముసలాయన ఒకడు ఊరకే, పక్కవాడితో అన్నట్టు, "దించుతుండు" అన్నాడు. సమ్మవ్వ నోట్లోంచి అయ్యో అన్న మాట వచ్చింది, ఐలవ్వ భుజాన్ని గట్టిగా పట్టుకుంది, మేం సూసినం గదనే అన్న మనిషి చెయ్యే అది. జడ్జి గారు మాత్రం, ఎక్కడివారో ఏమో, అర్థం కాక అటూ ఇటూ చూశారు. "ఏమిటది?"

"నూకలేదయ్యా" అన్నాడు అంద్రెయ. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. "దించుమన్నది. దించవోయిన. దగ్గు వచ్చి సంచి జారింది." దొంగ అని తెలిసి కూడానా అని జడ్జి గారు అడిగారు. "తెలుసయ్యా. దించినంక పట్టుకుందామనుకున్న. నెత్తి మీద బరువు వెట్టుకోని మనిషి దించుమంటే ముందుగాల దించుతం గదయ్యా. దొంగనా దొరనా అని దించినంక అడుగుతం." మరి ఫిర్యాదులో ఎందుకట్లా రాయించావు? అప్పుడు దిగాయి ఆయన చేతులు. "దొంగకు సంచి దించిన్నంటే కొలువు పోతదని బుగులైంది. నా తప్పే. ఇప్పుడు పోతె పోనియ్యున్రి." దగ్గు వచ్చింది, చాలాసేపు దగ్గాడు, గది మొత్తం ఆ దగ్గు అయ్యేదాకా ఆగింది. సర్కారు వకీలు ఈ సాక్షి మాకు ఎదురు తిరిగాడని రాయమన్నాడు. సంధ్యారాణి లేచింది, ఒక్కటే అడిగింది. సంచి మీ కాలి మీద పడ్డాక ఈమె దాన్ని మళ్లీ ముట్టుకుందా? "లేదమ్మా. తియ్యిమన్న. ఉరికింది." ఇంతసేపట్లో అప్పుడే మొదటిసారి ఆయన ఇటు తిరిగి ఐలవ్వను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. జడ్జి గారి కలం కాగితం మీద నడుస్తోంది, ఉరికింది అన్న మాట రాస్తోంది, ఆ మాట ఐదుగురినీ గట్టెక్కిస్తుందని సంధ్యారాణి మొహం చెబుతోంది, సారిక చంటిదాని జుట్టులో మొహం దాచుకుని ఏడుస్తోంది. నేను నూకలేదు. ఐలవ్వ తన చేతులు చూసుకుంది. నూకలేదు. చొక్కా తగల్లేదు. మెడ మీద బరువు తేలికైంది, అంతే, ఆ తేలిక నిజమే, ఎవరూ కలగనలేదు దాన్ని. ఇన్నాళ్లుగా పోయిందనుకున్నది దొరికితే మనిషికి సంతోషం రావాలి, ఆమెకు కడుపులోంచి దుఃఖం వచ్చింది.

ఇక దిగవచ్చు అన్నారు జడ్జి గారు. అంద్రెయ కర్ర కోసం తడిమాడు, అది జారి బోను బయట పడింది. ఎక్కడం ఎక్కాడు గాని ఆ మెట్టు దిగడం ఆయన వల్ల కావడం లేదు, మంచి కాలు కిందికి చాపితే చెడ్డ కాలు బరువు మొయ్యడం లేదు, చెడ్డ కాలు చాపితే నేల అందడం లేదు. బంట్రోతు అప్పటికే ఇంకెవరినో పిలవడానికి గుమ్మం వైపు తిరిగాడు. సర్కారు వకీలు కాగితాలు సర్దుకుంటున్నాడు, ఆయనకు ఆ సాక్షితో ఇక పని లేదు. అంద్రెయ ఎవరినీ అడగలేదు, చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఐలవ్వ గోడ దగ్గర నుంచి కదిలింది. ఏయ్, ఎక్కడికి, నిలవడు అంది కానిస్టేబులు గొంతు, సంధ్యారాణి అక్కా అంది, ఆమెకు రెండూ వినిపించాయి, రెండూ ఆపలేదు. బోను ముందుకు వచ్చి కర్ర తీసి పక్కన పెట్టింది. రెండు చేతులూ పైకెత్తింది. కాకా, పట్టుకో, దించుత అంది. అంద్రెయ ఆమె మొహం చూడలేదు, మొహంతో పనేముంది, ఆ చేతుల మీద చేతులు వేశాడు. ఆమె నడుము కలుక్కుమంది, మనిషి బరువంతా ఆమె భుజాల మీదికి వచ్చింది, ఆమె ఎక్కడికీ ఉరకలేదు.